ఎలకలో హైమ చెయ్యి

ఇరవై మూడో కుర్చీ పుస్తకం. రాసేది మైలపల్లి నూకాలు.

పని రోజు 1

ఈ పుస్తకంలో రోజూ రాయాలట. సముద్రం అడుగున చిక్కుపడ్డ పాత వలలు ఎన్ని కోశాం, వాటిని కోసే ఇనప పీతకి దెబ్బ తగిలిందా, ఇంకేమైనా జరిగిందా, అన్నీ. సాయంత్రం కరెంటు తీయగానే యంత్రాలు పొద్దుటి నుంచి జరిగినదంతా మరిచిపోతాయి, అందుకని మనుషులే రాసిపెట్టాలని మేస్త్రి చెప్పాడు. నేను నాలుగో తరగతి దాకా చదివాను. తప్పులుంటే ఆయనే సర్దుకోవాలి.

ఈ కుర్చీ మా హైమది. మనిషి పోతే కుర్చీ నలభై పని రోజులు ఇంట్లోవాళ్ళకి ఉంచుతారు. ఆలోగా రోజుకి ఎనిమిది వలలు కోయడం వస్తే కుర్చీ మనకే. రాకపోతే ఇంకొకరికి. ఇంట్లోవాళ్ళంటే నేనొక్కదాన్నే. వాళ్ళ నాన్న హైమకి మూడేళ్ళప్పుడే సముద్రంలో పోయాడు. హైమ ఇరవై నాలుగేళ్ళకి, నాలుగు రోజుల జ్వరంలో పోయింది.

కుర్చీతో పాటు రెండు వస్తువులిచ్చారు. ఒకటి హైమ రాసిన పుస్తకం. అది తెరవలేదు. రెండోది తన కంప్యూటరు ఎలక. అందరికీ ఈ పని సాల ఇచ్చిన బూడిదరంగు ఎలకలే. హైమది మాత్రం నల్లది, తెర మీద ఆటలాడేవాళ్ళు వాడేది, పక్కన రెండు మీటలున్నది. తనే కొనుక్కుంది. వీపు మీద బొటనవేలు ఆనే చోట నలుపు అరిగి తెల్లబడింది. అక్కడ నా వేలు పెట్టుకుని కూర్చున్నాను.

తెర మీద బాణం ఎటు పోతే నీళ్ళ అడుగున ఇనప పీత గోరు అటు పోతుంది. ఎలకని కొంచెం కదిపానో లేదో బాణం తెర దాటి పోయింది. పీత గోరు సముద్రంలో మునిగిన మా ఊరి గోడకి కొట్టుకుంది. మూడుసార్లు. కొత్తమనిషి చెయ్యి కదా, బెదిరింది.

వలలు: సున్నా. దెబ్బలు: మూడు.

పని రోజు 2

ఇవాళ బాణం నెమ్మదించింది. నేను ఎంత కదిపితే అంతే, నేను ఆగితే అదీ ఆగుతోంది. నా చెయ్యిని గుర్తుపట్టింది.

మా హైమ నెమ్మది మనిషి. ముద్ద నోట్లో పెట్టుకుంటే అరగంట నమిలేది. జడ వేసుకోడానికి కూర్చుంటే అన్నం ఉడికిపోయేది. నత్తా, నత్తా అని తిట్టేదాన్ని. బాణం అచ్చం అలాగే నడుస్తోంది. తిట్టబుద్ధి కాలేదు.

రెండు వలలు. ఒక దాంట్లో తాబేలు ఇంకా బతికే ఉంది. కోయగానే పోయింది, వెనక్కి చూడకుండా.

పని రోజు 5

ఎలకని ఇంటికి తీసుకెళ్తున్నానని మేస్త్రికి తెలిస్తే తిడతాడు. తెలియాలనే రాస్తున్నాను. కొంగులో ముడేసుకుని వెళ్ళి, ఉప్పుగాలికి చెమ్మెక్కకుండా బియ్యం డబ్బాలో పెడతాను. పొద్దున్న మళ్ళీ తెస్తాను. ఎవరి చేతిలోనూ పెట్టను.

సాలలో పొద్దున్నే ఒక తంతు ఉంది. కరెంటు రాగానే అందరూ నల్ల తెర తెరిచి రెండు వరుసలు తెల్ల అక్షరాలు కొడతారు. లినక్స్ అంటారు దాన్ని. యంత్రం పొద్దున్న కొత్తగా పుట్టినట్టు లేస్తుందట. ఎవరి చెయ్యి ఎంత వేగమో ఎవరికి వాళ్ళు దానికి రోజూ ఒక నంబరుతో చెప్పుకోవాలట. ఎదుటి వరుసలో గౌరీశు నంబరు మరిచిపోయి చీటీ కోసం జేబులన్నీ తడుముకుంటాడు. పెళ్ళాం ఉతికేసిందంటాడు. అందరూ నవ్వుతారు.

నేను మంచినీళ్ళ వరసలో నిలబడి వచ్చేసరికి ఏడవుతుంది. ఆ తంతు నాకు లేదు. యంత్రం మరిచిపోతే మరిచిపోనీ. మా హైమ చెయ్యి ఎలకలోనే ఉంది. రాగానే కూర్చుంటాను, హైమా అని గొణుగుతాను, కదుపుతాను, నడుస్తుంది. వాళ్ళ మొహాలు చూస్తే కొంచెం గర్వంగా ఉంటుంది. దాచడం ఎందుకు.

నాలుగు వలలు.

పని రోజు 9

పక్క కుర్చీ, ఇరవై నాలుగు, కొర్రా దమయంతిది. కొండ మీది పిల్ల. సముద్రం ఎరగని ఊళ్ళో పుట్టి మా మునిగిన ఊళ్ళో వలలు కోస్తోంది. రోజుకి పదహారు, పదిహేడు. హైమతో కలిసి ఒకే నెలలో చేరిందట. నన్ను అమ్మా అంటుంది. నేను పలకను. నన్ను అలా పిలిచేది మా హైమ ఒక్కతే.

ఇవాళ అన్నాల దగ్గర గౌరీశుతో చెప్పి నవ్వుతోంది. హైమ వల కోస్తూ ఈల వేసేదట. ఒక్కో వలకి ఒక్కో రకం. పెద్ద చేప తప్పించుకుంటే రైలు కూత వేసేదట.

ఇరవై నాలుగేళ్ళు నా ఇంట్లో ఉంది. ఒక్కనాడు ఈల వినలేదు. నాకు తెలియని హైమ ఒకతె ఈ పిల్ల దగ్గర ఉంది. దాన్ని కొంచెం కొంచెంగా బయటికి తీసి అందరికీ పంచుతోంది, ఇంటి నుంచి తెచ్చిన పచ్చడిలాగ. నాకూ పెట్టబోయింది. అన్నం సగంలో లేచి వచ్చేశాను.

నీళ్ళ వరసలో నా వెనక నిలబడే చుక్కమ్మ తన కూతురి మీద విసుక్కుంటుంది, చెప్పిన మాట వినదని. విసుక్కోడానికి కూతురు ఉంది. ఆమెతో కూడా మాట్లాడాలనిపించడం లేదు.

ఐదు వలలు.

పని రోజు 13

నేను వచ్చేసరికి కుర్చీ వెచ్చగా ఉంది.

మొదట ఎండేమో అనుకున్నాను. మా వరుసకి ఎండ పది దాటితే గాని రాదు. మీటల పలక మీద ఇప్పనూనె వాసన. ఈ సాలలో తలకి ఇప్పనూనె రాసుకునేది దమయంతి ఒక్కతే.

ఎలక నా కొంగులోనే ఉంది కదా, ఇది ఖాళీ కుర్చీలో కూర్చుని ఏం చేస్తోంది? రోజంతా అదే ఆలోచన. నాలుగే వలలు. ఒక వల కోస్తూ చూస్తే అది మా పాత బడి కిటికీకి చుట్టుకుని ఉంది. హైమ అక్కడ రెండో తరగతి చదివింది. ఆ కిటికీ నేను చూడక ముందే ఈ పిల్లలిద్దరూ పక్కపక్కన కూర్చుని తెర మీద చూసే ఉంటారు. ఇదిగో నా బెంచీ అని హైమ చూపించే ఉంటుంది. దానికే చూపించింది.

పని రోజు 16

నీళ్ళ వరస చుక్కమ్మకి అప్పజెప్పి ఆరున్నరకే వచ్చాను. చూడాలనే వచ్చాను.

దమయంతి నా కుర్చీలో కూర్చుని ఉంది. తెర నల్లగా ఉంది. ఏవో కొడుతోంది. నన్ను చూసి దొంగలాగ లేచింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఏం చేస్తున్నావని అడిగాను. ఏమీ లేదంది. మళ్ళీ అడిగాను. తలొంచుకుంది. నాకు అప్పుడు అంతా అర్థమైనట్టే అనిపించింది. దీని బాణం పదిహేడు వలలు కోసేది ఇందుకే. రోజూ పొద్దున్న ఇక్కడ కూర్చుని మా హైమ చెయ్యిని కొంచెం కొంచెంగా తన యంత్రంలోకి లాక్కుంటోంది. నాకు ఐదూ ఆరూ మిగిలేది అందుకే.

మేస్త్రి అప్పలకొండ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఒకరి కుర్చీ ఇంకొకరు ముట్టకూడదని గోడ మీద రాసి ఉంది, చదివి వినిపించాను కూడా. ఆయన దమయంతిని పిలిచి అడిగాడు. ముట్టానంది. ఎందుకంటే చెప్పలేదు. నా వైపు ఒకసారి చూసి మళ్ళీ నేలని చూసింది.

మధ్యాహ్నానికి దాన్ని నీళ్ళు తోడే పంపు పక్క వరుసకి మార్చారు. అక్కడ పంపు ఆడినంతసేపూ బల్లలు వణుకుతాయి. బల్ల వణికితే బాణం వణుకుతుంది. అక్కడ కూర్చున్నవాళ్ళు వరసగా ఐదు రోజులు పన్నెండు వలలకి తగ్గితే కొండకి తిరిగి పంపేస్తారట. గౌరీశు చెప్పాడు, నా మొహం చూడకుండా.

ఆరు వలలు. మనసు తేలిగ్గా ఉందని రాద్దామనుకున్నాను. ఉందో లేదో తెలియదు.

పని రోజు 17

బాణం నాది కాదు.

ఎలక అదే. చెయ్యి అదే. కదిపితే ముందుకి దూకుతోంది, ఆపితే దాటి ఆగుతోంది. నెమ్మదిగా తోస్తే ఒకలా, కొంచెం గట్టిగా తోస్తే పిచ్చెత్తినట్టు. ఎలకని తుడిచాను. ఊదాను. బొటనవేలి చోటు రుద్దాను. హైమా, నేనే అని కూడా అన్నాను. పక్కన ఎవరూ లేరు గనక పైకే అన్నాను.

పీత గోరు వంగింది. మేస్త్రి వచ్చి చూసి, నూకాలమ్మా నిన్న బాగానే చేసావు కదా, ఇవాళేటి ఇలగ అన్నాడు. ఎత్తుకుపోయింది, ఆ పిల్లే పట్టుకుపోయింది అన్నాను. ఏం పట్టుకుపోయిందో ఆయనకి అర్థం కాలేదు. నంబరు కొట్టుకున్నావా అని అడిగాడు. నాకు నంబరు లేదన్నాను. ఆయన కాసేపు నన్ను వింతగా చూశాడు. నంబరు లేకుండా పదహారు రోజులు ఎవరూ చేయలేరమ్మా అన్నాడు.

ఒక్క వల. అదీ సగమే తెగింది.

పని రోజు 18

పంపు దగ్గరికి వెళ్ళాను. తగువు పెట్టుకోడానికే వెళ్ళాను. దమయంతి అన్నాల వేళ కూడా లేవకుండా కోస్తోంది. ఎలక కింద మడిచిన గోనెపట్టా వేసుకుంది, వణుకు తగ్గడానికి. అప్పటికి ఏడు వలలే అయ్యాయి.

నా కూతురి చెయ్యి నాకిచ్చెయ్యమన్నాను.

దానికి మొదట తెలియలేదు. కొంగు విప్పి ఎలక చూపించాను. ఇందులోంచి ఏం తీశావు అని అడిగాను. నన్నూ ఎలకనీ మార్చి మార్చి చూసింది. తర్వాత దాని మొహంలో జాలి లాంటిది కనబడింది. అది చూసి నాకు ఇంకా మండింది.

"అమ్మా, ఎలకలో ఏటీ లేదు," అంది. "ఉన్నదంతా నంబర్లోనే ఉంది. యంత్రం రోజూ మరిసిపోద్ది. మీకు కొట్టడం రాదు కదా. అందుకే నాను ముందొచ్చి కొట్టీసీదాన్ని."

"రోజూనా?"

"పదారు రోజులూ."

"మరి సెప్పలేదేటే?"

అది గోనెపట్టా సర్దింది.

"మీరు ఎలకతో మాటాడతారు కదమ్మా. నాను సెప్పీస్తే ఇంక మాటాడరు."

పంపు ఆడుతోంది. బల్ల మీద దాని గిన్నెలో నీళ్ళు వలయాలు వలయాలుగా కదులుతున్నాయి. నాకు ఇంకొకటి అడగాలని ఉంది, అది ఒక్కటి నాకు దక్కితే చాలనిపించింది. ఆ నెమ్మది నంబరు హైమదేనా అని అడిగాను. అవునంటుందనే అడిగాను.

కాదంది. మొదటి రోజు కొట్టింది హైమ నంబరేనట. బాణం తెర దాటిపోయి గోరు గోడకి మూడుసార్లు కొట్టుకుంటే చూసి, మీ చెయ్యి వణుకుతాది, ఆ వేగం మీకు ఆగదు, అందుకే రెండో రోజు నుంచి తగ్గించేశానంది. ఎంతకి తగ్గిస్తే నా చేతికి సరిపోతుందో తెలియక, పక్కనుంచి నా తెర చూస్తూ నాలుగు రోజులు నంబరు కొంచెం కొంచెం దిద్దిందట.

అంటే నేను పొద్దున్నే బొటనవేలు పెట్టి పలకరించింది హైమని కాదు. ఈ పిల్లని.

వెనక్కి తిరిగాను. అది ఒక చీటీ నా చేతిలో పెట్టింది. రెండు వరుసలు ఇంగ్లీషు అక్షరాలు. చివర ఒక చిన్న గీత, దాని పక్కన సున్నా, చుక్క, ఐదు. గీత ఉంటే నెమ్మదట.

వలలు: రాయను.

పని రోజు 19

ఇంటి దగ్గర హైమ పుస్తకం తెరిచాను.

ప్రతి పేజీ పైన అవే రెండు వరుసలు. మొదటిది పరుగు ఆపేది, అంటే చెయ్యి ఎంత జరిగితే బాణం అంతే జరగాలి, విసిరితే విసిరినంత దూకకూడదట. అది చీటీలో ఉన్నట్టే ఉంది. రెండోది నంబరు. అది వేరు. గీత లేదు. సున్నా చుక్క ఎనిమిది. దమయంతి అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండును.

పేజీల కింద వలల లెక్క. ఇరవై ఒకటి. ఇరవై. ఇరవై మూడు. సాలలో ఇంకెవరూ ఇరవై దాటరు. నేను చేరిన రోజు మేస్త్రి, మీ అమ్మాయి పని ఇద్దరు చేయాలమ్మా అంటే పోయిన మనిషిని పొగుడుతున్నాడులే అనుకున్నాను. నా నత్త.

ఇంకేమీ రాసేది కాదు హైమ. ఈల సంగతి లేదు, బడి కిటికీ లేదు. ఒక్క చోట, వానాకాలం మొదట్లో, ఇలా ఉంది: 'ఇవాళ ఇరవై రెండు. చెయ్యి మండుతోంది. ఇంటికెళ్ళి నెమ్మదిగా అన్నం తినాలి. అక్కడ తొందర లేదు.'

ఆ ముద్ద మీదే నేను నత్తా అనేదాన్ని.

పని రోజు 20

ఇవాళ ఆరున్నరకే వచ్చి నల్ల తెర తెరిచాను. గౌరీశు ఎలా తెరవాలో చూపించాడు. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. ఒక్కొక్కటే చూసి, మీటల పలక మీద వెతికి, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు కొట్టాను. రెండుసార్లు తప్పని తిప్పికొట్టింది. మధ్యలో ఖాళీ వదలాలట. మూడోసారి ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని గౌరీశు అన్నాడు. మీ ఆవిడ కూడా అంతేనా అన్నాను. హైమ పోయాక నేనొక పరాచికం ఆడటం ఇదే.

దమయంతి నంబరు కొట్టాను. బాణం మళ్ళీ నా బాణమైంది. ఏడు వలలు.

కోస్తున్నంతసేపూ పంపు చప్పుడు వినబడుతూనే ఉంది.

మేస్త్రి బాబూ, నెలాఖరున ముద్ర వేయడానికి ఈ పుస్తకం మీరు చదువుతారు గనక ఇక్కడే రాస్తున్నాను. నోటితో చెప్పడం నాకు చేతకాదు, ఏడుపొస్తుంది. దమయంతి నా కుర్చీ ముట్టిందని నేను చెప్పింది నిజమే. అది సగం. ఆ పిల్ల ముట్టకపోతే నాకు రోజుకి ఒక్క వల కూడా తెగేది కాదు. మిగతా సగం అది. తనెందుకు చెప్పలేదో పద్దెనిమిదో రోజు పేజీలో ఉంది, చదవండి. పదహారో రోజు పేజీ కూడా చదవండి, దాచను. దాని దగ్గర మా హైమ ఎక్కువ ఉంది, నా దగ్గర తక్కువ ఉంది. ఆ కడుపుమంటకి దాన్ని వణికే బల్ల మీదికి తోశాను. అక్కడ ఎవరో ఒకరు కూర్చోవాలంటే నేను కూర్చుంటాను. పంపు వణుకు ఆ పిల్ల చేతికి కొత్త. నా చెయ్యి ఎలాగూ వణుకుతుంది.

పని రోజు 23

మేస్త్రి ముద్ర వేశాడు. ముద్ర పక్కన ఏమీ రాయలేదు. ఎలకని ఇంటికి తీసుకెళ్ళొద్దని మాత్రం చెప్పాడు, అదీ మెల్లగా.

దమయంతి ఇరవై నాలుగులోకి తిరిగి వచ్చింది. వరసగా నాలుగు రోజులు పన్నెండుకి తగ్గిందట. ఇంకొక్క రోజైతే కొండకి వెళ్ళిపోయేది. గోనెపట్టా మడిచి సొరుగులో పెట్టుకుంది. నాకు కోపం పోయిందని రాస్తే అబద్ధం. ఈల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ లోపల గుచ్చుకుంటుంది. పన్నెండింటికి అన్నాల గిన్నె పట్టుకుని వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.

రైలు కూత ఎలా ఉండేది అని అడిగాను.

అది చుట్టూ చూసి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వేసింది. సాలంతా మా వైపు తిరిగింది. మేస్త్రి గదిలోంచి తల బయట పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. బాగా రాలేదు, హైమ వేస్తే గోడలు అదిరేవి అంది.

ఎనిమిది వలలు. మొదటిసారి.

పని రోజు 24

తంతు ఇలా పెట్టుకున్నాను. ఇక ముందు దీని గురించి రాయను, రోజూ ఇదే గనక.

ఆరున్నరకి వస్తాను. ముందు హైమ నంబరు కొడతాను, సున్నా చుక్క ఎనిమిది. పీతని ఇంకా నిద్ర లేపను, గోరుకి దెబ్బ తగలకుండా. ఖాళీ తెర మీద ఎలకని ఒక్కసారి కదుపుతాను. బాణం ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది. కన్ను వెనక పడుతుంది. అదీ హైమ. నాకు అందదు. అందకుండా పోవడం తనకి వచ్చని ఇన్నాళ్ళూ నాకు తెలియదు, ఇప్పుడు రోజూ ఒకసారి చూస్తున్నాను.

తర్వాత దమయంతి నంబరు కొడతాను. బాణం నా పక్కకి వచ్చి నిలబడుతుంది.

ఇవాళ మొదటి వరుస తప్పు కొట్టాను. దమయంతి పక్కనుంచి తెర చూసి, అమ్మా, ఖాళీ వదల్లేదు అంది.

ఏటే, నాకు తెల్దేటి అన్నాను. హైమతో అన్నట్టే వచ్చింది నోటికి.

ఖాళీ వదిలి మళ్ళీ కొట్టాను. ఎనిమిది వలలు. దెబ్బలు లేవు.